ఈఆర్‌జీ పాజిటివ్

పోయిన ఎండాకాలం మా పెద్దబాపుకు నడుము నొప్పి మొదలైంది. ముత్యంపేటలో చెరుకు నరికి, పసుపు తవ్వి, వరి నాట్లకు గట్లు చెక్కి అరిగిన నడుము. అందుకని ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. (ముత్యంపేట అనగానే మా మెట్‌పల్లి వైపు వాళ్ళకి చక్కెర ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. అది 2015లో మూతపడింది. ఆ కథ మొదలెడితే ఈ కథ పూర్తవదు, వదిలేద్దాం.) జగిత్యాలలో ఎక్స్‌రే, కరీంనగర్‌లో ఎంఆర్ఐ, ఆఖరికి హైదరాబాద్‌లో వెన్నుపూస నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ. పెద్దబాపు కొడుకు, అంటే మా అన్న, దుబాయ్‌లో ఉంటాడు. కాబట్టి రిపోర్టులన్నీ నా వాట్సాప్‌కే వస్తాయి, వాటిని చదివి చెప్పే బాధ్యత కూడా నాదే. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌కి కంప్యూటర్ తెలుసు కాబట్టి క్యాన్సర్ కూడా తెలిసే ఉంటుందని మా ఇంట్లో వాళ్ళ నమ్మకం.

రిపోర్టు రెండు పేజీలు. ఎముకలో ఉన్నవి ఎముక కణాలు కావు, ఎక్కడి నుంచో వచ్చి చేరిన క్యాన్సర్ కణాలు అని మొదట రాశారు. తర్వాత అవి ఎక్కడి నుంచి వచ్చాయో తేల్చడానికి చేసిన పరీక్షలు వరసగా ఉన్నాయి. చివరి వరసలో రెండే మాటలు. "ఈఆర్‌జీ: పాజిటివ్."

ఫోన్ చేసి చెప్తే పెద్దబాపు అడిగిన మొదటి ప్రశ్న ఇది. "పాజిటివా? మల్ల కరోననా ఏందిరా?"

కాదు పెద్దబాపు, ఇది వేరే అన్నాను. కానీ ఆయన ఎగతాళిగా అన్న ఆ మాటలో సగం నిజముందని నాకు రెండు రాత్రులు కూర్చుని చదివాక తెలిసింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

డాక్టర్ చెప్పింది మాత్రం సూటిగా ఉంది. కణజాలంలో ఈఆర్‌జీ కనపడిందంటే అది దాదాపుగా ప్రోస్టేట్ నుంచి వచ్చిన క్యాన్సరే. ఊపిరితిత్తులదో పేగుదో అయితే వైద్యం వేరేలా ఉండేది. ఇది ప్రోస్టేట్‌ది కాబట్టి హార్మోన్ ఇంజెక్షన్‌తో మొదలుపెడతాం అన్నారు. అంటే ఆ రెండు మాటలే మా పెద్దబాపు దారి ఎటో నిర్ణయించాయి. నాకు బయాలజీ పదో తరగతితో అయిపోయింది, తర్వాత అంతా ఎంపీసీ. అయినా ఈ ఈఆర్‌జీ ఏంటో, దీన్ని ఎవరు కనిపెట్టారో చూడకపోతే నిద్ర పట్టేలా లేదు.

వెతికితే మొట్టమొదటి పేపర్ 1987 నాటిది. అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో వచ్చింది. రచయితలు ముగ్గురు: ఇ. శ్యామ్ పి. రెడ్డి, వీణ ఎన్. రావు, టాకిస్ పపాస్. అదే ఏడాది సైన్స్ పత్రికలో వచ్చిన రెండో పేపర్‌లో మొదటి పేరు రావుది, చివరి పేరు రెడ్డిది.

రెడ్డి, రావు! కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఇంటిపేరు చూసి లెక్కలు కట్టే రోగం మనందరికీ ఉన్నదే, నాకూ ఉంది. అమెరికాలో ఏ కంపెనీకి ఎవరు సీఈఓ అయ్యారో, వాళ్ళది ఏ జిల్లానో, ఏ కాలేజీనో మనం కంఠతా చెప్తాం. ఈ రెండు పేర్లు మాత్రం నేను పుట్టి బుద్ధెరిగాక ఎక్కడా వినలేదు. మా ఆఫీసులో పదిమందిని అడిగాను. ఎవరూ వినలేదు.

కథ 1987 కంటే ముందే మొదలైంది, అదీ ఒక కోడితో. 1911లో న్యూయార్క్‌లో పేటన్ రౌస్ అనే ఆయన, కోడికి వచ్చిన కణితిని నూరి, కణాలేవీ దాటలేని సన్నటి ఫిల్టర్‌లో వడగట్టి, ఆ రసాన్ని ఇంకో కోడికి ఎక్కించాడు. దానికీ కణితి వచ్చింది. అంటే కణితిని తెచ్చింది కణం కాదు, కణం కంటే చాలా చిన్నదేదో. అదే వైరస్. చాలా ఏళ్ళపాటు దీన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు. కోళ్ళ జబ్బులే, మనకేంటి అన్నారు. (మా కోరుట్లలో వెటర్నరీ కాలేజీ ఉంది. అక్కడ చదివిన మా బావని అడిగితే కోళ్ళ రక్త క్యాన్సర్ గురించి అరగంట క్లాస్ పీకాడు. ఫారం వాళ్ళకి అది ఈనాటికీ తలనొప్పేనట.)

అలాంటి కోళ్ళ వైరస్‌లలో ఒకటి 1960లలో బల్గేరియాలో దొరికింది. దాని పేరు ఈ26. సోకిన కోడికి రక్త క్యాన్సర్ వస్తుంది. 1983లో ఈ వైరస్ జన్యువుల్ని విప్పి చూస్తే రెండు క్యాన్సర్ జీన్లు పక్కపక్కనే అతుక్కుని కనిపించాయి. ఒకటి అప్పటికే తెలిసిన మిబ్. రెండోది కొత్తది. ఈ26లో దొరికింది కాబట్టి దానికి ఈటీఎస్ అని పేరు పెట్టారు. వైరస్‌లు ఈ జీన్లను సొంతంగా తయారుచేసుకోలేదు. ఎప్పుడో కోడి డీఎన్‌ఏ నుంచే కాపీ పేస్ట్ చేసుకున్నాయి. ఈ దొంగతనం బయటపెట్టినందుకే బిషప్, వార్మస్‌లకు 1989లో నోబెల్ వచ్చింది.

ఇక్కడ ఒక పిట్టకథ చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. మిబ్ అన్నాను కదా. ఆ జీన్‌ని మోసుకెళ్ళే ఇంకో కోడి వైరస్‌లో దాని అక్షరాలన్నీ చదివి 1982లో సైన్స్‌లో వేసిన బృందంలో ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి ఉన్నారు. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్ళిన మనిషి. అదే ఏడాది నేచర్ పత్రికలో ఆయన బృందం చూపించింది ఇంకా పెద్ద విషయం. మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోని రాస్ జీన్‌కీ మామూలు రాస్ జీన్‌కీ తేడా ఒక్కటంటే ఒక్క అక్షరం. జీజీసీ ఉండాల్సిన చోట జీటీసీ ఉంది, అంతే. అదే ఏడాది ఇంకో రెండు బృందాలు కూడా అదే సంగతి విడివిడిగా తేల్చాయి. ఒక్క అక్షరం టైపో వల్ల ప్రొడక్షన్ మొత్తం పడిపోవడం మనం చూస్తూనే ఉంటాం. మనిషి ఒంట్లో ఆ టైపోని మొదటిసారి వేలుపెట్టి చూపించిన వాళ్ళలో ఒకరు ఉస్మానియా నుంచి వెళ్ళినాయన.

సరే, మళ్ళీ ఈఆర్‌జీ దగ్గరికి. కోడి దగ్గర ఈటీఎస్ ఉందని తేలాక అందరికీ వచ్చిన ప్రశ్న ఒకటే. మనిషిలో దీని చుట్టాలు ఎవరు? మేరీల్యాండ్ రాష్ట్రం ఫ్రెడరిక్‌లో ఉన్న జాతీయ క్యాన్సర్ సంస్థ ల్యాబ్‌లో రెడ్డి, రావు ఈ వెతుకులాటలో దిగారు. పెద్దపేగు క్యాన్సర్ నుంచి వచ్చిన కోలో 320 అనే కణాలు తీసుకున్నారు. ఆ కణాల్లో నడుస్తున్న జీన్ల కాపీలన్నీ కలిపి ఒక లైబ్రరీ చేస్తారు. అందులోకి ఈటీఎస్ ముక్కని గాలంలా వేస్తారు. అచ్చంగా అదే కాకపోయినా దాన్ని పోలినది ఏదైనా ఉంటే గాలానికి తగులుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే ఫజ్జీ సెర్చ్. కాకపోతే ఎంటర్ కొడితే ఫలితం వచ్చేది కాదు. ఎక్స్‌రే ఫిల్మ్ మీద నల్లచుక్కలు తేలేదాకా ఆగాలి, ఆ చుక్కల్ని పట్టుకుని మళ్ళీ వెతకాలి, దొరికినదాన్ని అక్షరం అక్షరం చదవాలి.

అలా దొరికిన జీన్‌కి వాళ్ళు పెట్టిన పేరు ఈటీఎస్ రిలేటెడ్ జీన్. పొట్టిగా ఈఆర్‌జీ. ఈటీఎస్‌కి చుట్టమైన జీన్ అని అర్థం. వేరియబుల్‌కి టెంప్2 అని పేరు పెట్టినంత నిరాడంబరంగా ఉంది. ఇది మనిషి 21వ క్రోమోజోమ్ మీద ఉందనీ, ఒకే జీన్ నుంచి కోతలు మార్చి ఒకటి కంటే ఎక్కువ రకాల ప్రోటీన్లు తయారవుతాయనీ ఆ ఏడాదే రెండో పేపర్‌లో చెప్పారు. ఒకే కోడ్‌బేస్, రెండు బిల్డ్‌లు అన్నమాట. 1989లో వాళ్ళే ఇంకో చుట్టాన్ని పట్టుకుని ఎల్క్ అన్నారు. కణం బయటి నుంచి వచ్చే సంకేతం డీఎన్‌ఏ దాకా ఎలా చేరుతుందో చెప్పే పాఠాల్లో ఆ ఎల్క్ తర్వాత స్థిరపడిపోయింది. మనిషిలో ఈ కుటుంబం మొత్తం 28 మంది అని ఇప్పుడు లెక్క.

ఇంతకీ ఈ ప్రోటీన్ చేసే పనేంటి? డీఎన్‌ఏని పట్టుకోవడం. మన ఒంట్లో కాలి కణంలోనూ కంటి కణంలోనూ ఉన్న డీఎన్‌ఏ ఒకటే, మొత్తం సోర్స్ కోడ్ అందరి దగ్గరా ఉంది. ఎక్కడ ఏ ఫంక్షన్ నడవాలో నిర్ణయించేది ఇలా డీఎన్‌ఏని పట్టుకునే ప్రోటీన్లు. అవి జీన్ ముందు కూర్చుని దాన్ని ఆన్ చేస్తాయి, లేదా ఆపేస్తాయి. ఈఆర్‌జీ మామూలుగా రక్తకణాల తయారీలో, రక్తనాళాల లోపలి పొరలో ఉద్యోగం చేస్తుంది. ఎలుకల్లో దీన్ని చెడగొడితే రక్తానికి మూలమైన కణాలే దెబ్బతింటాయని 2008లో తేలింది. అంటే ఇది పుట్టుకతో విలన్ కాదు.

ఈటీఎస్ కుటుంబానికంతటికీ సుమారు 85 అమైనో ఆమ్లాల భాగం ఒకటి ఉమ్మడిగా ఉంది. డీఎన్‌ఏలో జీజీఏఏ గానీ జీజీఏటీ గానీ ఉన్న చోట ఆ భాగం కూర్చుంటుందని 1990లో తేలింది. ఈఆర్‌జీ కూడా అలాగే ఒక ప్రత్యేకమైన వరసనే పట్టుకుని జీన్లను ఆన్ చేస్తుందని రెడ్డి, రావు 1991లో ఆంకోజీన్ పత్రికలో రాశారు. (ఆ పత్రిక 1987లో మొదలైనప్పుడు వ్యవస్థాపక సంపాదకుల్లో ఒకరు పైన చెప్పిన ప్రేమ్‌కుమార్ రెడ్డిగారే.) ఇక్కడ మీకు ఒక అనుమానం రావాలి. నాకైతే వచ్చింది. నాలుగు అక్షరాల వరస యాదృచ్ఛికంగా ప్రతి 256 అక్షరాలకి ఒకసారి వస్తుంది. మన జీనోమ్ సుమారు 310 కోట్ల అక్షరాలు. గ్రెప్ కొడితే ఒక్క పోగు మీదే కోటికి పైగా మ్యాచ్‌లు! మరి ఏ చోట కూర్చోవాలో దానికెలా తెలుస్తుంది? ముందువెనక అక్షరాలు కొంత చెప్తాయి. పక్కన కూర్చున్న వేరే ప్రోటీన్లు కొంత చెప్తాయి. డీఎన్‌ఏ ఆ చోట విప్పి ఉందా చుట్టి ఉందా అన్నది కొంత.

ఇవన్నీ తేల్చాలంటే ప్రోటీన్ చేతిలో ఉండాలి. జీన్ అక్షరాలు తెలిస్తే సరిపోదు. కోడ్ చదవడం వేరు, రన్ చేసి చూడడం వేరు. కణంలో ఇలాంటి ప్రోటీన్లు చాలా కొద్దిగా ఉంటాయి. పాత రోజుల్లో లీటర్లకి లీటర్లు కణాలు పెంచి, పగలగొట్టి, వడగట్టి చూస్తే కంటికి కనపడనంత దొరికేది. ఆ బాధ తీర్చింది రీకాంబినెంట్ పద్ధతి.

రీకాంబినెంట్ అన్న మాట మన పేపర్లలో బాగా నలిగింది 1997లో అనుకుంటా. హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బి టీకా తెచ్చినప్పుడు. వైరస్ జీన్‌ని ఈస్ట్‌లో పెట్టి దాని చేత ప్రోటీన్ చేయించారు. ల్యాబ్ ప్రోటీన్ కూడా అదే వంటకం, పాత్ర చిన్నది. మనిషి జీన్‌ని ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్‌ఏలో అతికిస్తారు. దాన్ని ఈ.కోలై బ్యాక్టీరియాలోకి పంపిస్తారు. బాగా పెరిగాక ఒక రసాయనం వేసి స్విచ్ నొక్కితే ఆ బ్యాక్టీరియా తన పని పక్కన పడేసి మన ప్రోటీన్ చేస్తూ కూర్చుంటుంది. 1986లో వచ్చిన టీ7 పద్ధతితో ఇది బాగా సులువైంది. మరి బ్యాక్టీరియా సొంత ప్రోటీన్లు వేలున్నాయి కదా, అందులోంచి మనది ఏరడమెలా? జీన్ చివర ఆరు హిస్టిడిన్‌ల తోక తగిలిస్తారు. ఆ తోక నికెల్‌కి అతుక్కుంటుంది. నికెల్ పూసల గొట్టంలో మొత్తం రసం పోస్తే తోక ఉన్నది ఆగిపోతుంది, మిగతాది కారిపోతుంది. ఈ ఉపాయం 1988లో వచ్చింది. ఇంత తెలివైన ట్యాగింగ్ నేను మా ప్రాజెక్టులో కూడా చూడలేదు.

చెప్పినంత తేలిక కాదు లెండి. మనిషి ప్రోటీన్ బ్యాక్టీరియాలో సరిగ్గా మడత పడక ముద్దకట్టి పోవడం మామూలే. వేడి తగ్గించి నిదానంగా చేయిస్తారు. లేదా మొత్తం ప్రోటీన్ కాకుండా డీఎన్‌ఏని పట్టుకునే ముక్క వరకే చేయిస్తారు. కొందరు మనిషి కణాల్లోనే చేయిస్తారు, కొందరు గోధుమ మొలక నుంచి తీసిన రసంలో. ఇప్పుడు రీకాంబినెంట్ మనిషి ఈఆర్‌జీ క్యాటలాగ్‌లో దొరికే సరుకు. చిటికెన వేలి గోరంత ట్యూబ్, మంచులో పెట్టి పంపిస్తారు. లోపల 10 మైక్రోగ్రాములు. చక్కెర ఫ్యాక్టరీ ఊరివాడిని కాబట్టి నా లెక్క నాది: ఒక చక్కెర పలుకు అర మిల్లీగ్రాము అనుకుంటే అందులో యాభయ్యో వంతు. లేబుల్ మీద పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు అని ఉంటుంది. శాంతా టీకాకీ దీనికీ తేడా అక్కడే ఉంది. ఇది మందు కాదు, ప్రశ్న అడగడానికి పనిముట్టు.

ఆ ప్రశ్న అడిగే తీరు కూడా భలే సాదాగా ఉంటుంది. చిన్న డీఎన్‌ఏ ముక్కకి గుర్తు పెట్టి, జెల్ అనే జిగురు పలకలో వేసి కరెంటు పెడతారు. డీఎన్‌ఏ ఒక్కటే అయితే చకచకా కిందికి పోతుంది. ప్రోటీన్ పట్టుకుని ఉంటే బరువుకి వెనకపడుతుంది. ఒక అక్షరం మార్చి మళ్ళీ వేస్తారు. వెనకపడలేదా, అయితే ఆ అక్షరం ముఖ్యమైనదన్నమాట. 1981 నుంచి వాడుతున్న పద్ధతి ఇది. ఇప్పుడూ వాడుతున్నారు.

1990లలో ఈఆర్‌జీ పేరు అక్కడక్కడా వినిపించింది. పిల్లల్లో వచ్చే ఈవింగ్ ఎముక క్యాన్సర్ కొందరిలో, రక్త క్యాన్సర్ కొద్దిమందిలో ఈఆర్‌జీ తెగి వేరే జీన్‌తో అతుక్కుని కనిపించింది. అవి రెండూ అరుదైన జబ్బులు. పెద్దగా ఎవరి కళ్ళూ దానిమీద లేవు. జీన్లు తెగి అతుక్కోవడం రక్త క్యాన్సర్లలో, ఇలాంటి అరుదైన వాటిలో జరిగేదే తప్ప, ప్రోస్టేట్, రొమ్ము, ఊపిరితిత్తుల లాంటి పెద్ద క్యాన్సర్లలో అది ముఖ్యం కాదని చాలామంది అనుకునేవాళ్ళు.

2005లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో అరుల్ చిన్నయన్ బృందం ఈ అభిప్రాయాన్ని తలకిందులు చేసింది. అప్పటికి విద్యార్థిగా ఉన్న స్కాట్ టామ్లిన్స్ పేరు పేపర్‌లో మొదటిది. ఈ భాగం మనవాళ్ళకి బాగా నచ్చుతుంది, ఎందుకంటే ఇక్కడ దారి చూపింది మైక్రోస్కోప్ కాదు, డేటాబేస్. లోకంలోని రకరకాల ల్యాబ్‌లు ప్రచురించిన జీన్ల కొలతలన్నీ వాళ్ళు ఒకచోట పోగేశారు. అందరూ ఆ డేటాలో చూసేది సగటు. క్యాన్సర్ ఉన్నవాళ్ళ సగటు ఎంత, లేనివాళ్ళ సగటు ఎంత, తేడా ఉందా అని. కానీ ఒక జీన్ కొందరు రోగుల్లో మాత్రమే విపరీతంగా పెరిగి, మిగతావాళ్ళలో మామూలుగా ఉంటే? సగటులో అది కలిసిపోతుంది. సర్వర్ లేటెన్సీ సగటు చూసి అంతా బాగుందనుకుంటాం, పీ95 చూస్తే గుండె ఆగుతుంది, అలాగ. వాళ్ళు సగటు వదిలేసి, మీడియన్‌ని సున్నా చేసి, 75వ, 90వ, 95వ పర్సంటైల్ దగ్గర ఎవరున్నారో చూశారు. ప్రోస్టేట్ క్యాన్సర్ డేటాలో పైకి తేలిన పేర్లు రెండు: ఈఆర్‌జీ, ఈటీవీ1. రెండూ ఈటీఎస్ కుటుంబమే. పైగా ఒకటి పెరిగిన రోగిలో రెండోది పెరగలేదు. లాగ్‌లలో ఇలాంటి ప్యాటర్న్ కనిపిస్తే మనం ఏమనుకుంటాం? ఒకే బగ్, రెండు దార్లు అనుకుంటాం. వాళ్ళూ అదే అనుకున్నారు.

విప్పి చూస్తే ఈఆర్‌జీ జీన్ ముందు భాగం లేదు. దాని స్థానంలో టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అనే ఇంకో జీన్ మొదలు అతుక్కుని ఉంది. రెండూ 21వ క్రోమోజోమ్ మీదే, మధ్యలో సుమారు 30 లక్షల అక్షరాల దూరం. చాలామంది రోగుల్లో ఆ మధ్య ముక్క మొత్తం ఎగిరిపోయి రెండు కొసలు కలిసిపోయాయి. టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 జీన్‌ని ఆన్ చేసేది మగ హార్మోన్. ప్రోస్టేట్‌కి మగ హార్మోన్ కరువేముంది? ఎప్పుడూ అక్కడ పడి ఉండని ఈఆర్‌జీ, హార్మోన్ తగిలిన ప్రతిసారీ కుప్పలుగా తయారవుతుంది. గమనించాల్సింది ఏంటంటే, ప్రోటీన్ దాదాపు మారలేదు. మొదట్లో కాస్త తరుగు, అంతే. కోడ్ అదే, ఎవరు ఎప్పుడు కాల్ చేస్తారన్నది మారింది. పరీక్షించిన 29 కణితుల్లో 23 చోట్ల ఈఆర్‌జీ గానీ ఈటీవీ1 గానీ ఇలా తెగి అతుక్కుంది. తర్వాత పెద్ద లెక్కల్లో యూరప్, అమెరికా తెల్లవాళ్ళ ప్రోస్టేట్ క్యాన్సర్లలో దాదాపు సగం ఈఆర్‌జీవే అని తేలింది. చైనా, జపాన్‌లలో అంతకంటే బాగా తక్కువ.

పద్దెనిమిదేళ్ళు! 1987లో పేగు క్యాన్సర్ కణాల్లో, కోడి వైరస్ చుట్టరికం వెతుకుతూ, ఇద్దరు మనుషులు ఒక జీన్‌ని బయటికి తీసి పేరు పెట్టి క్రోమోజోమ్ చిరునామాతో సహా రాసిపెట్టారు. ప్రోస్టేట్ అన్న ఆలోచన అందులో ఎక్కడా లేదు. అదే లేకపోతే 2005లో కంప్యూటర్ చూపించిన జాబితాలో అది పేరు లేని వరసగా ఉండేది. 2005 పేపర్‌ని వేలమంది ఉదహరిస్తారు. 1987 పేపర్ పేరు ఎత్తేవాళ్ళు తక్కువ. లైబ్రరీ రాసినవాడిని ఎవరూ గుర్తుపెట్టుకోరు, దాన్ని ఇంపోర్ట్ చేసుకుని యాప్ చేసినవాడికే పేరు. మన ఫీల్డ్‌లోనూ అంతే కదా.

ఇప్పుడు పెద్దబాపు కరోనా ప్రశ్న. టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అన్న పేరు మీలో కొందరు 2020లో విని ఉంటారు. కరోనా వైరస్ మన కణంలోకి దూరడానికి దాని ముల్లుని కోసి పెట్టే కత్తెర ఆ ప్రోటీనే. అంటే పెద్దబాపు కణితిలో ఈఆర్‌జీని తట్టి లేపుతున్న స్విచ్ అసలు యజమాని, కరోనాకి తలుపు తీసినవాడూ ఒకడే. ఈ సంగతి ఫోన్‌లో చెప్పాను. కాసేపు ఆగి, "నేను గదే అడిగిన గద" అన్నాడు.

మరి మందు? ఆయన ఆ తర్వాత అడిగిందీ అదే. ఈఆర్‌జీని నేరుగా ఆపే మందు ఇంతవరకు ఆమోదం పొంది బయటికి రాలేదు. ఎంజైమ్‌లకి గుంట ఉంటుంది, ఆ గుంటలో ఇరుక్కునే చిన్న అణువుని తయారుచేస్తే పని ఆగుతుంది. డీఎన్‌ఏని పట్టుకునే ఇలాంటి ప్రోటీన్లకి అలా పట్టు దొరికే గుంట సరిగ్గా ఉండదు. నునుపు రాయిని పటకారతో పట్టుకున్నట్టు. అయినా ప్రయత్నాలు ఆగలేదు, ఆ ప్రయత్నాలన్నిటికీ మూలం మళ్ళీ ఆ చిన్న ట్యూబే. 2013లో ఒక బృందం రీకాంబినెంట్ ఈఆర్‌జీ ముక్కల ఆకారాన్ని చూసి, ఈ ప్రోటీన్ తన పట్టుని తనే కొంత అదుపులో పెట్టుకుంటుందని చెప్పింది. 2017లో చిన్నయన్ బృందం ఈఆర్‌జీకి అతుక్కునే చిన్న పెప్టైడ్‌లను ఏరి, ఎలుకల్లో కణితి పెరుగుదల తగ్గడం చూపించింది. ఎలుక నుంచి మనిషి దాకా ఎంత దూరమో మీకు తెలియనిది కాదు.

కానీ పెద్దబాపుకు ఇస్తున్న ఇంజెక్షన్ ఉంది చూశారూ, మూడు నెలలకోసారిది, అది మగ హార్మోన్‌ని ఆపేస్తుంది. హార్మోన్ లేకపోతే టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 స్విచ్ పడదు, స్విచ్ పడకపోతే ఈఆర్‌జీ తగ్గుతుంది. ఎప్పటికీ కాదు. కణితి కొన్నేళ్ళకి వేరే దారి వెతుక్కుంటుందని డాక్టర్ ముందే చెప్పారు. హార్మోన్ ఆపితే ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందని 1941లో చూపించినాయన పేరు చార్లెస్ హగిన్స్. అప్పటికి డీఎన్‌ఏ ఆకారం కూడా ఎవరికీ తెలియదు. హగిన్స్‌కి 1966లో నోబెల్ వచ్చింది. ఆ బహుమతిని ఆయనతో పంచుకున్నది ఎవరో తెలుసా? పేటన్ రౌస్. కోడి కణితిని వడగట్టిన రౌస్! అప్పటికి ఆయనకి 87 ఏళ్ళు. ఇద్దరి పనికీ సంబంధం ఏమీ లేదని అప్పట్లో అందరూ అనుకుని ఉంటారు. ఒకరిది కోళ్ళ వైరస్, ఒకరిది ముసలివాళ్ళ హార్మోన్. ఆ రెండు దార్లూ మా పెద్దబాపు రిపోర్టులో ఒకే వరసలో కలిశాయి.

రెండో అపాయింట్‌మెంట్‌కి వెళ్ళినప్పుడు ధైర్యం చేసి ఆ స్లైడ్ చూపిస్తారా అని అడిగాను. అక్కడి పాథాలజిస్ట్ మేడమ్ మంచావిడ, పక్కన కూర్చోబెట్టి చూపించారు. నీలం రంగులో చుక్కలు చుక్కలుగా కణాలు. క్యాన్సర్ కణాల మధ్యలో గోధుమ రంగు. ఆ గోధుమ రంగే ఈఆర్‌జీ. ఈఆర్‌జీ ముక్కకి అతుక్కునే యాంటీబాడీ వేసి రంగు తెప్పిస్తారట. పరీక్ష సరిగ్గా పనిచేసిందని మీకు ఎలా తెలుస్తుంది మేడమ్ అని అడిగితే, ఒక మూలకి జరిపి సన్నటి రక్తనాళం చూపించారు. దాని గోడ కూడా గోధుమ రంగే. రక్తనాళంలో ఈఆర్‌జీ ఎప్పుడూ ఉండాల్సిందే, అది రంగు తేలకపోతే మొత్తం పరీక్ష మళ్ళీ చేయాలి అన్నారు. స్లైడ్ తన యూనిట్ టెస్ట్ తనే మోసుకుని వస్తుందన్నమాట.

పీఎస్‌ఏ మొదట 186 ఉండేది, ఇప్పుడు 4కి వచ్చింది. నడుము నొప్పి తగ్గింది, పొలం గట్టు దాకా నడుస్తున్నాడు. వేడి ఆవిర్లు వస్తున్నాయని, ఆడవాళ్ళ బాధలు ఇప్పుడర్థమైతున్నయని మా పెద్దమ్మతో జోకులేస్తున్నాడు. పోయిన నెల ఊరికి వెళ్ళినప్పుడు రిపోర్టుల కవరు బయటికి తీశాడు. పట్టాదారు పాస్‌బుక్కు పెట్టే కవరే అది. "ఆ కనిపెట్టినోళ్ళ పేర్లు చెప్పినవ్ గద, గీడ రాసిపెట్టు" అన్నాడు. ఎందుకు పెద్దబాపు అంటే, "మీ అన్న అడుగుతడు, నాకు యాదికుండది" అన్నాడు. రిపోర్టు చివరి వరస పక్కన పెన్నుతో రాశాను. శ్యామ్ రెడ్డి, వీణా రావు, 1987.

వచ్చే ఇంజెక్షన్ పండుగ తెల్లారి ఉంది. అన్నకి సెలవు దొరకలేదు, నేనే తీసుకెళ్తున్నా.